ముందె దారి ఇల్ల

ఆట కనిపెట్టింది మేడమీది వాటా పిల్ల, హిమజ.
పదకొండేళ్లు. ముందు పళ్లకు తీగ.
లెక్కల నోటు వెనక అట్ట మీద నియమాలు రాసుకొచ్చింది:
దారి ఆగిపోయే వీధికే మార్కు.
ముందు చక్రం గోడకు తగలాలి,
చెయ్యి తగిలితే చెల్లదు.
తిరిగేటప్పుడు కాలు కింద పెడితే సున్నా.
ఎవరేం అడిగినా నిజమే చెప్పాలి.
కుక్క తరిమితే అదనంగా ఒకటి.
"కరిస్తే?" అన్నాను.
కాసేపు ఆలోచించి
"కరిస్తే మీరే గెలిచినట్టు" అంది.

ఆదివారం ఆరున్నర.
హోరమావు ఇంకా పళ్లు తోముకోలేదు.
నాది మా మరిది వదిలేసి పోయిన సైకిలు,
గేర్లు ఏడు, పనిచేసేవి రెండు.
హిమజది ఊదారంగుది,
నెలనెలా పొట్టిదైపోతోంది.

మొదటి వీధి మలుపులో పసుపు బోర్డు.
కన్నడ అక్షరాలు మన అక్షరాలకు పినతల్లి బిడ్డలు,
తల ఎలా దువ్వుకున్నా పోలికలు పోవు.
"ముందె దారి ఇల్ల"
కూడబలుక్కుని చదివింది హిమజ.
నేను ఈ ఊరొచ్చిన కొత్తలో
ఇల్ల అంటే లేదని తెలియక
చివరి కొమ్ము రాయడం మరిచారనుకున్నాను.
ముందు దారి, ఇల్లు.
ఎంత మర్యాదగల ఊరు,
దారి చివర ఇల్లుందని ముందే చెబుతోంది అనుకున్నాను.
వెళ్లి చూస్తే ఉండేది కూడా,
ప్రతిసారీ.

రెండోది రైలుకట్ట దగ్గర ఆగింది.
గోడలో ఎవరో మనిషి పట్టేంత కన్నం కొట్టారు.
ఒకాయన ముందు పాలక్యాను దూర్చి
తర్వాత తనను దూర్చుకుని అవతలికి పోయాడు.
"ఆయనకు ఆగిపోలేదుగా!"
"ఆయనకు సైకిల్ లేదుగా!"
రెండు.

మూడోది రాజకాలువ.
వాసనే ముందొచ్చి ఎదురుకోలు చేసింది.
గోడ లేదు. చక్రం దేనికి తగలాలి?
వాదించి వాదించి
అడ్డంగా పడున్న కరెంటు స్తంభాన్ని
గోడగా ఒప్పుకున్నాం.

నాలుగు, ఐదు గుర్తులేవు.
ఆరో వీధిలో వాకిట నీళ్లు చల్లుతున్నావిడ
"యారు బేకు?" అంది. ఎవరు కావాలి?
"యారూ బేడ, గోడె బేకు" అంది హిమజ.
ఎవరూ వద్దట, గోడ కావాలట.
ఆవిడ చెంబు పక్కన పెట్టి
గోడకు ఆనించిన స్కూటరు తానే జరిపింది.
"రాండమ్మా, తగిలిచ్చుకోండి."
మదనపల్లె వైపు యాస.
ఏ ఊరని మేం అడగలేదు, ఆవిడా అడగలేదు.

తర్వాతి గోడ దగ్గర అప్పటికే ఒకడున్నాడు,
వీపున ఎర్ర సంచి, సంచిలో చల్లారుతున్న ఇడ్లీలు.
నూటయాభై మీటర్లు నేరుగా పొమ్మంటోంది ఫోను.
నేరుగా అంటే గోడ.
హిమజ తన పెన్సిల్ పటం విప్పింది.
"ఆగిపోయేవన్నీ ఇందులో ఉన్నాయన్నా,
ఇందులో లేనివన్నీ దారులే."
అతను దాన్ని ఫొటో తీసుకున్నాడు,
నవ్వకుండా.

వారంలో ఐదు రోజులు
అవుటర్ రింగ్ రోడ్డు మీద
కదలకుండా నిలబడేదాన్ని నేను.
అది ఎక్కడా ఆగిపోని దారి అంటారు.

ఎనిమిదో వీధి కుక్క మమ్మల్ని చూసింది.
లేవలేదు.
హిమజ బెల్లు కొట్టి బతిమాలింది.
ఆవులించింది.

పదకొండో క్రాసు ఆఖరికి దాచుకుంది.
బండ్లు రావని ఆ వీధిలోనే సైకిల్ నేర్చుకుందట,
ఆపడం రాక
ఆ గోడ చేతే ఆపించుకునేదట.
మలుపు తిరిగాం.
గోడ లేదు.
ఒక పక్కగా ఇటుకల కుప్ప,
జేసీబీ పళ్ల గాట్లు,
మధ్యలోంచి అప్పుడే హారన్లు కొట్టుకుంటూ రెండు బైకులు.
దారి పడిందని వాళ్లకెవరు చెప్పారో!

"ఇది మోసం" అంది.
గొంతు కొంచెం వణికింది,
నేను టైరులో గాలి చూస్తున్నట్టు వంగాను.
సైకిల్ నడిపించుకుంటూ వెళ్లి
కుప్పలో ఒక ఇటుకకు ముందు చక్రం ఆనించింది.
"చెల్లుతుందా?"
"చెల్లుతుంది."
"సగమే వేస్తా."
నోటు మీద అర రాసి, చుట్టూ సున్నా చుట్టింది.

అవతల మేమెప్పుడూ చూడని వీధి.
అవే నల్ల ట్యాంకులు, అదే గోంగూర బండి,
చాలా దూరాన ఏదో పసుపుపచ్చని బోర్డు.
అక్షరాలు ఇక్కడికి కనబడటం లేదు.
"పదండి" అంటూ
హిమజ పెడళ్ల మీద లేచి నిలబడింది.